సముద్రం దాటి వచ్చిన పొట్లం



కిందటి సంక్రాంతికి మా మేనల్లుడు ఇంటికొచ్చి, జేబులోంచి ఒక పెన్‌డ్రైవ్ తీసి నా అరచేతిలో పెట్టాడు. చిటికెన వేలంత కూడా లేదు. పైన వెండి రంగు రేకు, దాని మీద 2 టీబీ అని చెక్కినట్టున్న అక్షరాలు. "ఎంత పెట్టి కొన్నానో చెప్పు మావయ్యా" అన్నాడు. నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెప్పి రిటైరైనవాణ్ని. అలాంటి ప్రశ్న వింటే నాకు ముందు అనుమానం పుడుతుంది, ముచ్చట తర్వాత. నువ్వే చెప్పరా అన్నాను. "650 రూపాయలు. చైనా నుంచి నేరుగా వచ్చింది. 26 రోజులు పట్టిందనుకో, పడితే పట్టింది" అన్నాడు.

అప్పటికే వాడు చేయాల్సిందంతా చేసేశాడు. చెల్లెలి పెళ్లి వీడియోలూ ఫొటోలూ 180 జీబీ దాకా అందులోకి ఎక్కించి, ల్యాప్‌టాప్‌లో చోటు చాలడం లేదని అక్కడున్నవి చెరిపేశాడు. చూద్దాం పట్టరా అని కంప్యూటర్‌కి తగిలించాం. ఫైళ్ల పేర్లన్నీ వరసగా ఉన్నాయి, ఏ ఫైలు ఎన్ని జీబీలో అదీ సరిగ్గానే ఉంది. గౌరీపూజ దాకా బొమ్మ కదిలింది. జీలకర్ర బెల్లం దగ్గర ఆగిపోయింది. తలంబ్రాలు తెరిస్తే నల్లటి తెర. అప్పగింతలైతే అసలు తెరుచుకోనే లేదు. మా అక్కయ్య వెనక నిలబడి చూస్తోంది. "పోనీ ఇంకోసారి నొక్కరా" అంటోంది. వాడు నొక్కుతూనే ఉన్నాడు.

ఇందులో కిటుకు చెబుతాను. పెన్‌డ్రైవ్ లోపల ముఖ్యంగా రెండు ముక్కలుంటాయి. ఒకటి సరుకు దాచే మెమొరీ చిప్పు. రెండోది దాన్ని నడిపే కంట్రోలర్. దీన్ని గోడౌన్ గుమాస్తా అనుకోండి. కంప్యూటర్ వచ్చి "ఎంత చోటుందయ్యా?" అని అడిగేది గుమాస్తానే గానీ, తాను లోపలికి వెళ్లి గదులు లెక్కపెట్టుకోదు. ఈ మోసగాళ్లు చేసేదల్లా గుమాస్తాకి అబద్ధం నేర్పడమే. ఉన్నది 32 జీబీ గది ఒక్కటి. వాడు అలాంటివి అరవైకి పైగా ఉన్నాయంటాడు. మీరు బస్తాలు తెస్తే వద్దనడు, అన్నిటికీ రసీదు రాసిస్తాడు. గది నిండాక వచ్చిన బస్తాలను మాత్రం వెనక వాకిట్లోంచి బయటికి గిరాటేస్తాడు. రసీదు పుస్తకంలో లెక్క తప్పదు. మీరు బస్తా కోసం వెళ్లిన రోజునే సంగతి బయటపడుతుంది. ఆ రోజు రెండు నెలల తర్వాత రావచ్చు, రెండేళ్ల తర్వాత రావచ్చు. అప్పటికి అమ్మినవాడి కొట్టు పేరే మారిపోయి ఉంటుంది.

దీన్ని పట్టుకోవడానికి ఉచితంగా దొరికే ప్రోగ్రాములున్నాయి. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ ఒకటి, ఎఫ్3 ఇంకొకటి. డ్రైవును మొదటి నుంచి చివరి దాకా తమకు తెలిసిన అంకెలతో నింపి, తిరిగి చదివి సరిపోల్చుకుంటాయి. పెద్ద డ్రైవైతే రాత్రంతా పడుతుంది. మనకు అంత ఓపిక ఉండదన్న నమ్మకం మీదే వాళ్ల వ్యాపారం నడుస్తోంది. పెళ్లి ఫొటోగ్రాఫర్ దగ్గర ముడి వీడియోలు కొన్ని మిగిలి ఉండబట్టి మావాళ్లకు తలంబ్రాలు దక్కాయి. అప్పగింతలు దక్కలేదు. మా అక్కయ్య ఇప్పటికీ ఆ 650 రూపాయల సంగతి ఎత్తదు, అప్పగింతల సంగతే ఎత్తుతుంది.

ఫారిన్ సరుకు మీద మోజు మనకు కొత్తది కాదు. కోనసీమ నుంచి, కడప నుంచి, కరీంనగర్ నుంచి గల్ఫ్‌కి వెళ్లినవాళ్లు తెచ్చిన టేప్‌రికార్డర్ చుట్టూ ఊరంతా మూగిన రోజులు నాకు గుర్తున్నాయి. మద్రాసు వెళితే బర్మా బజారులో ఒక చుట్టు చుట్టి రాకపోతే వెళ్లినట్టే కాదు. అక్కడా మోసాలు జరిగేవి, కాదనను. గడియారం పెట్టెలో ఇటుక ముక్క పెట్టి అమ్మారన్న కథలు ప్రతి ఇంట్లోనూ ఉండేవి. అయినా అమ్మినవాడి మొహం మనం చూసేవాళ్లం. తెచ్చినవాడు ఫలానావారి అబ్బాయి. చెడిపోతే వాళ్ల అరుగు మీదికి వెళ్లి అడగొచ్చు. సరుకు వెనక ఒక మనిషి పూచీ ఉండేది. ఇప్పుడు సముద్రం దాటి నేరుగా మన గుమ్మంలోకి వస్తున్న పొట్లంలో ధర తగ్గడానికి కారణాలు నాలుగైదు ఉండొచ్చు. వాటిలో పెద్ద కారణం మటుకు ఆ పూచీని తీసేయడమే.

ఇంకో కారణం తపాలా. వంద రూపాయల వస్తువును అంత దూరం నుంచి ఊరికే ఎలా పంపుతారని చాలామంది అడుగుతారు. ఒక దేశపు ఉత్తరాలను ఇంకో దేశం పంచిపెడితే ఎవరు ఎవరికి ఎంత ఇవ్వాలో ప్రపంచ తపాలా సమాఖ్య లెక్క కడుతుంది. చైనాను చాలాకాలం వర్ధమాన దేశాల వరుసలో ఉంచడంతో, చిన్న పొట్లాల పంపిణీకి ఆ దేశం తక్కువ చెల్లించేది. అమెరికా 2018లో సమాఖ్యలోంచి వెళ్లిపోతానని పట్టుబట్టింది. 2019 సెప్టెంబర్‌లో జెనీవాలో ప్రత్యేక సమావేశం పెట్టి రేట్లు మార్చుకున్నారు. ఈలోగా లోకమంతా చవక పొట్లాలకు అలవాటు పడిపోయింది.

మన దేశంలో 2020 జూన్‌లో 59 చైనా యాప్‌లను నిషేధించారు. ఆన్‌లైన్‌లో సరుకు అమ్మే క్లబ్ ఫ్యాక్టరీ, షీన్ ఆ జాబితాలో ఉన్నాయి. అదే ఏడాది నవంబర్‌లో ఇంకో 43 పోయాయి, అలీ ఎక్స్‌ప్రెస్ వాటిలో ఒకటి. దాంతో ఆ దారి మూసుకుపోయిందని చాలామంది అనుకుంటారు. తలుపు మూసినా కిటికీలు తెరిచే ఉన్నాయి. ఫోన్లో బొమ్మలు చూస్తుంటే మధ్యలో ప్రకటన వస్తుంది. నొక్కితే చక్కటి వెబ్‌సైటు, ధరలు రూపాయల్లో, కింద తెలుగులో నాలుగు పొగడ్తలు. మనవాళ్ల కొట్టే అనుకుంటాం. డబ్బు కట్టాక సరుకు ఏ దేశంలోనో బయల్దేరుతుంది. మధ్యవాడికి గోడౌన్ ఉండదు, అతను ఆ వస్తువును కంటితో చూసి కూడా ఉండడు. అందుకే ధర రూపాయల్లో ఉందని చూసి ఊరుకోకుండా, చిరునామా ఎక్కడిదో, తిరిగి పంపాలంటే ఎక్కడికి పంపాలో చూడమంటాను. ఆ పేజీ దొరకడానికే పావుగంట పట్టిందంటే మీ జవాబు మీకు దొరికినట్టే.

ఇక చార్జర్ల దగ్గరికి వస్తాను. మా ఇంట్లో నా బల్ల మీద రెండు చార్జర్లు పగలగొట్టి పెట్టి ఉంటాయి. చూడటానికి వచ్చిన పిల్లలకు చూపిస్తుంటాను. ఒకటి పేరున్న కంపెనీది. రెండోది సరిగ్గా దానిలాగే ఉన్న 140 రూపాయల నకలు. బయటి నుంచి చూస్తే కవల పిల్లలు. లోపల చూడాలి.

చార్జర్ చేసే పని ఏమిటి? గోడలోంచి 230 వోల్టుల కరెంటు తీసుకుని, ఫోనుకు 5 వోల్టులిస్తుంది. లోపల ఆ 230ని ఏసీ నుంచి డీసీ చేసేసరికి అది 300 దాటుతుంది. అంటే ఆ చిన్న డబ్బాలో ఒక వైపు ప్రాణం తీయగల 300 వోల్టులు, రెండో వైపు మీ చెవిలో పెట్టుకునే ఇయర్‌ఫోన్ దాకా పోయే తీగ. ఈ రెంటికీ మధ్య సరిహద్దు పెట్టడమే చార్జర్ తయారీలో అసలు విద్య. మంచి చార్జర్‌లో బోర్డు మీద రెండు వైపులకూ మధ్య కొన్ని మిల్లీమీటర్ల ఖాళీ వదులుతారు. కొన్నిటిలో బోర్డునే కోసి చీలిక పెడతారు. ట్రాన్స్‌ఫార్మర్ చుట్ల మధ్య పసుపు పచ్చ టేపు వరసలు వరసలుగా ఉంటుంది. సరిహద్దు మీద వంతెనలా ఒక నీలం రంగు బిళ్ల కెపాసిటర్ కూర్చుని ఉంటుంది. అది చెడినా కరెంటును అవతలికి పోనివ్వని రకం.

నా బల్ల మీది నకలులో ఆ ఖాళీ ఎంతో తెలుసాండీ? గోటి అంచు పట్టనంత. టేపు ఒకే ఒక్క చుట్టు, అదీ ఒక కొస లేచిపోయింది. నీలం బిళ్ల ఉండాల్సిన చోట మామూలు కెపాసిటర్. ఫ్యూజు లేదు. వానాకాలంలో నాలుగు రోజులు ముసురు పట్టి, గోడలు చెమ్మెక్కి, లోపల కాస్త తేమ చేరిందంటే ఆ సరిహద్దు చెరిగిపోతుంది. మంచి చార్జర్‌తో కూడా ఒక్కోసారి ఫోను రేకు మీద వేలు పెడితే లేతగా జుమ్మంటుంది, దానికి భయపడక్కర్లేదు. నేను చెప్పేది ఆ జుమ్మనడం గురించి కాదు.

ఇదంతా ఒక మాస్టారి చాదస్తం అనుకునేవాళ్లకు ఒక లెక్క చెబుతాను. అమెరికాలో యూఎల్ అనే పేరున్న పరీక్షా సంస్థ 2016లో ఐఫోన్ చార్జర్లకు నకళ్లు 400 తెచ్చి పరీక్షించింది. గట్టెక్కినవి మూడు. పన్నెండింటికి మనిషిని షాక్‌తో చంపగల లోపం ఉంది. అదే ఏడాది ఆపిల్ కంపెనీ ఒక వ్యాపార సంస్థ మీద వేసిన దావాలో, ఒక పెద్ద ఆన్‌లైన్ అంగడిలో అసలైనవని చెప్పి అమ్ముతున్న తమ చార్జర్లను, కేబుళ్లను కొని చూస్తే పదింట తొమ్మిది నకిలీవేనని కోర్టుకు చెప్పింది.

మన దగ్గర దీనికి ఒక కట్టడి ఉంది. ఎలక్ట్రానిక్ వస్తువులకు తప్పనిసరి రిజిస్ట్రేషన్ అని 2012లో ఉత్తర్వు వచ్చి, 2013 నుంచి అమలవుతోంది. చార్జర్లు, ఫోన్లు, పవర్ బ్యాంకులు, ఎల్ఈడీ బల్బులు, ఇలా ఆ జాబితా పెరుగుతూ వచ్చింది. వస్తువు మీద బీఐఎస్ గుర్తు, కింద ఆర్ అనే ఇంగ్లీషు అక్షరం, గీత, ఎనిమిది అంకెలు ఉంటాయి. బీఐఎస్ కేర్ అనే యాప్‌లో ఆ అంకెలు కొడితే ఏ ఫ్యాక్టరీ, ఏ వస్తువు అన్నది చెబుతుంది. అంకెలు అచ్చేయడం ఎవరికైనా వచ్చు కాబట్టి కొట్టి చూడటం ముఖ్యం. ఒకసారి ఒక పవర్ బ్యాంకు మీది నంబరు కొడితే అది ఎవరిదో బల్బుల ఫ్యాక్టరీదని వచ్చింది. పరాయి దేశంలో అమ్మకానికి చేసి, నేరుగా మన ఇంటికి పంపిన సరుకు మీద ఆ గుర్తు ఉండకపోతే ఆశ్చర్యం లేదు. దాన్ని మన ఊళ్లో, మన కరెంటు మీద, మన వానలో ఎవరూ పరీక్షించలేదని అర్థం.

కరెంటు అంటే గుర్తొచ్చింది. మా వీధిలో ఒకావిడ కూతురు డాలస్‌లో ఉంటుంది. అమెరికా సైటులో చవకగా వచ్చిందని ఒక కాఫీ యంత్రం కొని, ఊరికి వచ్చేవాళ్లతో పంపింది. పిన్ను మన ప్లగ్గులో దూరలేదు. యాభై రూపాయలకు ఒక మార్పిడి పిన్ను తెచ్చి తగిలించారు. మీట వేసిన అర నిమిషానికి వంటింట్లో పొగ. పిన్ను ఆకారం మారింది గానీ వోల్టులు మారలేదు కదా. అమెరికాలో 120, జపాన్‌లో 100, మనకు 230. నీళ్లు కాచే తీగ మీద దాదాపు రెట్టింపు వోల్టేజి పడితే వేడి రెట్టింపు కాదు, మూడున్నర రెట్లు దాటిపోతుంది. ల్యాప్‌టాప్ అడాప్టర్ల మీద 100 నుంచి 240 వోల్టులు అని రాసి ఉంటుంది, వాటితో పేచీ లేదు. కాచేవి, వండేవి, జుట్టు ఆరబెట్టేవి, వీటి అడుగున ఉన్న చీటీ చదవనిదే మీట వేయకండి.

బ్యాటరీలున్న సరుకుతో ఇంకో తరహా తంటా. 2010 సెప్టెంబర్ 3న దుబాయ్ నుంచి జర్మనీలోని కొలోన్‌కు బయల్దేరిన ఒక సరుకుల విమానంలో మంటలు లేచాయి. అది హాంకాంగ్ నుంచి వచ్చిన విమానం, లోపల లిథియం బ్యాటరీలు వేల సంఖ్యలో ఉన్నాయి. పొగతో ఎదురుగా ఉన్న మీటర్లు కూడా కనపడక, వెనక్కి తిప్పినా దించలేక, ఇద్దరు పైలట్లూ చనిపోయారు. తర్వాత నిబంధనలు బిగుస్తూ వచ్చి, 2016 ఏప్రిల్ 1 నుంచి ప్రయాణికుల విమానాల్లో విడి లిథియం అయాన్ బ్యాటరీలను సరుకుగా ఎక్కించడం ఆపేశారు. అందుకే కొందరు అమ్మకందార్లు పవర్ బ్యాంకును ఆటబొమ్మ అనో, ప్లాస్టిక్ సామాను అనో చీటీ రాసి పంపుతారు. ఆ పొట్లం మీద దిగుమతిదారుగా ఉండేది మీ పేరే.

వస్తువు బాగాలేదు, తిరిగి పంపుతామంటే వాళ్లు హాయిగా ఒప్పుకుంటారు. తపాలా ఆఫీసుకు వెళ్లాక కదా తెలుస్తుంది, విడి బ్యాటరీ అయితే తీసుకోరు. తీసుకునే సరుకైనా ఖర్చు దాని ధరకు రెండింతలు. 2016 జూలైలో అమెరికాలో హోవర్‌బోర్డులు, అంటే పిల్లలు నిలబడి తిరిగే ఆ రెండు చక్రాల బల్లలు, ఐదు లక్షలకు పైగా వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది, బ్యాటరీలు అంటుకుంటున్నాయని. అక్కడ ఒక ప్రభుత్వ కమిషన్ ఉంది, దిగుమతి చేసిన కంపెనీలున్నాయి, కాలర్ పట్టుకుని అడిగారు. నేరుగా పొట్లం తెప్పించుకున్నవాడికి అలాంటి కబురు కూడా అందదు.

నేను మోసపోలేదా అంటే, పోయాను. పాత యాంప్లిఫైయర్లు బాగుచేయడం నాకు సరదా. ఇక్కడ దొరకని ఆడియో ఐసీలు పది, విదేశీ సైటులో మూడో వంతు ధరకు కనిపిస్తే ఆశపడ్డాను. వచ్చాయి, మెరుస్తూ, పేరూ నంబరూ తెల్లగా అచ్చుపడి. రెండు బిగిస్తే రెండూ పేలాయి. మా ఆవిడ గోళ్లరంగు చెరిపే సీసాలోంచి రెండు చుక్కలు దూదికి అద్ది మూడోదాని వీపు మీద రుద్దాను. తెల్ల అక్షరాలు దూదికి అంటుకున్నాయి. వాటి కింద గీకిన గుర్తులు, ఆ కింద ఇంకేదో చవక ఐసీ నంబరు లీలగా. పాత బోర్డుల్లోంచి పీకి, వీపు గీకి, కొత్త పేరు పెట్టి పంపారన్నమాట. పేరు మార్చుకుని వచ్చిన ఆ ఎనిమిదీ ఇప్పటికీ డబ్బాలో ఉన్నాయి.

ఇంతవరకూ చెప్పినవి కంటికి కనిపించే నష్టాలు. కనిపించనివి కొన్ని ఉన్నాయి. టీవీకి తగిలిస్తే సినిమాలన్నీ ఉచితమంటూ అమ్మే పేరులేని ఆండ్రాయిడ్ పెట్టెల సంగతి. వాటిలో కొన్ని ఫ్యాక్టరీ నుంచి, లేదా దారిలోనే, దొంగ ప్రోగ్రాము వేసుకుని వస్తున్నాయని 2023లో పరిశోధకులు బయటపెట్టారు. దానికి బ్యాడ్‌బాక్స్ అని పేరు. 2025 జూన్‌లో అమెరికా ఎఫ్‌బీఐ దాని రెండో రూపం గురించి జనాన్ని హెచ్చరించింది. టీవీ పెట్టెలే కాదు, ప్రొజెక్టర్లు, కార్లలో పెట్టే తెరలు, ఫొటో ఫ్రేములు కూడా అందులో ఉన్నాయి. ఆ పెట్టె మీకు సినిమా చూపిస్తూనే ఉంటుంది. వెనక నుంచి మీ ఇంటి ఇంటర్నెట్ కనెక్షన్‌ను ఎవరికో అద్దెకిస్తుంటుంది. ఎక్కడో ఎవడో చేసిన నేరం మీ ఇంటి చిరునామాతో నమోదవుతుంది. చవక కెమెరాల కథ ఇంకా పాతది. 2016 అక్టోబర్‌లో అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైట్లు కొన్ని గంటలపాటు కూలిపోయాయి. ఆ దాడి చేసిన సైన్యంలో ఎక్కువ భాగం ఇళ్లలోని కెమెరాలూ, వీడియో రికార్డర్లే. ఫ్యాక్టరీ పెట్టిన పాస్‌వర్డ్ మార్చకపోవడం వల్ల, కొన్నిటిలో మార్చే వీలే లేకపోవడం వల్ల, వాటిని మిరాయ్ అనే ప్రోగ్రాము లొంగదీసుకుంది.

సరుకు మంచిదైనా చట్టం ఒప్పుకోనివి ఉన్నాయి. డ్రోన్ల దిగుమతిని 2022 ఫిబ్రవరి నుంచి నిషేధించారు, పరిశోధనకు, రక్షణ అవసరాలకు తప్ప. ఫోన్ సిగ్నల్ పెంచే బూస్టర్లు, ఆపేసే జామర్లు, అనుమతి లేకుండా ఇంట్లో పెట్టుకోకూడదు. శాటిలైట్ ఫోను అయితే ఏకంగా అరెస్టు దాకా వెళ్తుంది. బ్లూటూత్, వైఫై ఉన్న ప్రతిదానికీ టెలికాం శాఖ ఆమోదం ఒకటుంటుంది. తెప్పించుకుంటున్న ఫోనుకు మన దేశపు సిమ్ములూ బ్యాండ్లూ సరిపోతాయా అన్నది వేరే చిక్కు. 2022లో వచ్చిన ఐఫోన్ 14 నుంచి అమెరికాలో అమ్మే వాటికి సిమ్ము పెట్టే అరే లేదు.

కస్టమ్స్ దగ్గర చాలామంది ఒక పాత మాట పట్టుకుని వేలాడుతుంటారు, గిఫ్ట్ అని రాస్తే 5,000 రూపాయల దాకా డ్యూటీ ఉండదని. ఆ సౌకర్యం 2019 డిసెంబర్‌లోనే పోయింది. ప్రాణరక్షక మందులకూ, రాఖీలకూ తప్ప గిఫ్ట్ మినహాయింపు లేదు. వస్తువు ధరకు రవాణా ఖర్చు కలిపి దాని మీద డ్యూటీ, అదంతా కలిపిన దాని మీద మళ్లీ ఐజీఎస్టీ, అంటే పన్ను మీద పన్ను. తపాలాలో వస్తే పోస్ట్‌మాన్ గుమ్మంలో వసూలు చేస్తాడు. కొరియర్‌లో వస్తే వాళ్లు ముందు కట్టి, తమ చాకిరీ ఖర్చు వేసి, బిల్లు పంపుతారు. రెండు వేల వస్తువుకు ఎంత తేలుతుందో కొనక ముందే లెక్క వేసుకున్నవాణ్ని నేనింతవరకు చూడలేదు.

పొట్లం కోసం ఎదురుచూసే మనిషి మోసగాడికి సులువుగా దొరుకుతాడు, ఇది మరిచిపోకండి. "మీ పార్శిల్ కస్టమ్స్‌లో ఆగింది, ఈ లింకులో 49 రూపాయలు కట్టండి" అని సందేశం వస్తుంది. నిజంగానే ఏదో రావాల్సి ఉంది కనుక వేలు దానంతటదే నొక్కేస్తుంది. ఇంకో రకం, మీ పొట్లంలో మత్తుమందు దొరికింది, మిమ్మల్ని డిజిటల్ అరెస్టు చేశాం, వీడియో ముందు నుంచి కదలొద్దు అంటారు. మన చట్టంలో డిజిటల్ అరెస్టు అనేది లేనే లేదు. కస్టమ్స్ వాళ్లు రాసే ఉత్తరాలకు 2019 నవంబర్ నుంచి ఒక గుర్తింపు సంఖ్య ఉంటోంది, డిన్ అంటారు, దాన్ని వాళ్ల సైటులో సరిచూసుకోవచ్చు. డబ్బు పోతే మొదటి గంటలోనే 1930కి ఫోన్ చేయాలి. ఎవరితో చెప్పుకోవాలన్న సిగ్గుతో ఆ గంట గడిపేసేవాళ్లే ఎక్కువ.

కార్డు సంగతి రెండు ముక్కలు. మనకు ఓటీపీ అలవాటు. విదేశీ దుకాణాల్లో చాలాచోట్ల అది అడగరు, కార్డు నంబరూ వెనకున్న మూడంకెలూ చాలు. 2020 నుంచి కొత్త కార్డులను బ్యాంకులు దేశం లోపలి వాడకానికి మాత్రమే తెరిచి ఇస్తున్నాయి. ఆర్డర్ పెట్టడానికి మనమే ఆ విదేశీ మీటను వేస్తాం. వేసినవాళ్లు పని అయ్యాక తీసేయడం మరిచిపోతారు, మా మేనల్లుడిలాగా.

వాడు పెన్‌డ్రైవ్ మీద ఫిర్యాదు పెట్టాడు. అమ్మినవాడు ఎంతో మర్యాదస్తుడు. ప్రతి సందేశమూ "డియర్ ఫ్రెండ్" అనే మొదలయ్యేది. ముందు, ఇంకో కంప్యూటర్‌లో పెట్టి చూడమన్నాడు. చూశాడు. వీడియో తీసి పంపమన్నాడు. పంపాడు. తర్వాత చైనా కొత్త సంవత్సరం వచ్చింది, ఫ్యాక్టరీకి సెలవులు, దయచేసి ఆగమన్నాడు. ఆగాడు. సెలవులయ్యాక, ఫిర్యాదు ఉపసంహరించుకుంటే కొత్తది పంపుతానన్నాడు. వీడు నమ్మి ఉపసంహరించాడు. మర్నాడు చూస్తే ఫిర్యాదుకు ఇచ్చిన గడువు ముగిసింది, మీట బూడిద రంగులోకి మారిపోయింది. డియర్ ఫ్రెండ్ మళ్లీ రాయలేదు. ఇలాంటి చోట ఉపసంహరించమని ఎవరు అడిగినా, డబ్బు ఖాతాలో పడేదాకా వేలు కదపకూడదు. కార్డు ఇచ్చిన బ్యాంకుకు కూడా వెంటనే రాయాలి. వాళ్ల గడియారం వేరే తిరుగుతుంటుంది.

చట్టం లేదా అంటే ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరున్న జిల్లాలోనే కేసు వేయొచ్చు. 2020 ఈ-కామర్స్ నియమాలు, విదేశంలో ఉండి మన దేశంలో పనిగట్టుకుని అమ్మే కంపెనీలకు కూడా వర్తిస్తాయి. సరుకు ఏ దేశంలో తయారైందో రాయాలి, ఇక్కడ జవాబు చెప్పే మనిషిని పెట్టాలి. 1915కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు. అమ్మినవాడికి ఇక్కడ ఒక ఆఫీసో, ఒక ఏజెంటో ఉంటే ఇవన్నీ పనిచేస్తాయి. షెన్‌జెన్‌లో ఏదో మూడో అంతస్తులో గది ఉన్నవాడికి సమన్లు ఎవరు ఇచ్చి వస్తారు? అందుకని నేను మావాళ్లకు చెప్పేది, అదే వస్తువును ఇక్కడి దిగుమతిదారు పేరుతో, బిల్లుతో, రెండు వందలు ఎక్కువైనా కోఠీలోనో, బీసెంట్ రోడ్డులోనో, ఇక్కడి ఆన్‌లైన్ అమ్మకందారు దగ్గరో కొనమని. వస్తువు ఆ దేశందే కావచ్చు. నా చేతిలో ఉన్న ఫోనూ, మీరు వింటున్న రేడియో కూడా బహుశా అక్కడివే. దేశంతో నాకు పేచీ లేదు.

నేనూ ఇంకా తెప్పిస్తుంటాను. సోల్డరింగ్ మొనలు, రెసిస్టర్లు, చిన్న చిన్న స్క్రూడ్రైవర్లు. గోడ ప్లగ్గులోకి పోయేది, బ్యాటరీ ఉన్నది, వైఫైకి తగులుకునేది, ఈ మూడూ మాత్రం తెప్పించను. మిగతావి పోతే డబ్బు పోతుంది, అంతే.

మా వాడికి ఇంకా బుద్ధి రాలేదు. మొన్న ఉగాదికి ఒక టార్చిలైటు పట్టుకొచ్చాడు, అదీ అలా వచ్చిందే. లోపల బొటనవేలంత లావు లిథియం సెల్లు, 18650 అంటారు ఆ సైజును. మీద 9,900 ఎంఏహెచ్ అని రాసి ఉంది. పేరున్న కంపెనీలు చేసే ఆ సైజు సెల్లు 3,500 దగ్గర తిరుగుతుంది. నా మాట వినడని తెలిసి, పాత ల్యాప్‌టాప్ బ్యాటరీలోంచి తీసిన అసలు సెల్లు ఒకటి, వాడిదొకటి జేబులో వేసుకుని, వాణ్ని వెంటబెట్టుకుని, వీధి చివర బంగారప్పని చేసే ఆచారి గారి కొట్టుకు వెళ్లాను. ఈ రెండూ తూచిపెట్టమన్నాను. ఆయన అద్దాల పెట్టెలో ఉన్న కాటా తలుపు జరిపి, ముందు అసలుది పెట్టారు. 45 గ్రాముల 310 మిల్లీలు. దాన్ని తీసి వాడిది పెట్టారు. 29 గ్రాముల 640. ఆయన దాన్ని చెవి దగ్గర పెట్టి ఊపారు. లోపల ఏదో పొడి కదిలినట్టు సన్నటి చప్పుడు.

"ఇదెక్కడి సరుకు మాస్టారూ?" అన్నారు.

చెప్పాను.

"నేను గాని ఈ తూకం వేస్తే, రేపు పొద్దున్న ఈ అరుగు మీద ఎవరు కూర్చోనిస్తారు నన్ను?" అన్నారు. అని, చేతి అలవాటు కొద్దీ, ఆ సెల్లును గులాబి రంగు కాగితంలో పెట్టి, నాలుగు మడతలు వేసి, పొట్లం కట్టి మా వాడి చేతిలో పెట్టారు.